తూర్పు మోంటానాలో ప్రాంగ్‌హార్న్ వేట: పెద్ద లాడ్జా, ర్యాంచ్ కుటుంబమా?

డెన్వర్_శ్రీ:

అందరికీ నమస్కారం. మేం డెన్వర్‌లో ఉంటాం. నాది హెచ్1బి మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా టీమ్‌లో ఒక పెద్దాయన ఏటా అక్టోబర్‌లో తూర్పు మోంటానా వెళ్ళి ప్రాంగ్‌హార్న్ (జింకను పోలిన గడ్డి బయళ్ళ జంతువు) వేటాడి వస్తారు. నిరుడు ఆ మాంసం వండి మమ్మల్ని భోజనానికి పిలిచారు. వేట కబుర్ల కన్నా ఆయన చెప్పిన ర్యాంచ్ సంగతులే నా మనసులో ఎక్కువ నిలిచాయి. ముత్తాత నాటి నుంచి అదే గడ్డి నేల మీద పశువులు మేపుకుంటున్న కుటుంబమట. పగలు గైడ్‌గా వచ్చినాయనే సాయంత్రం ట్రాక్టర్ వేసుకుని ఆవులకు గడ్డి వేయడానికి వెళ్ళాడట.

నాకూ వెళ్ళాలని ఉంది. తుపాకీ ఎప్పుడూ పట్టుకోలేదు కాబట్టి గైడ్ లేకుండా వెళ్ళను. రెండు చోట్ల మాట్లాడాను. ఒకటి పెద్ద లాడ్జి. మంచి గదులు, వంటవాడు, గోడ నిండా కొమ్ములు. రెండోది ఒక ర్యాంచ్ కుటుంబం నడిపేది. సీజన్‌కి కొద్దిమందినే తీసుకుంటారు, పనివాళ్ళ బంక్‌హౌస్‌లో పడక, భోజనం వాళ్ళింట్లో. ధరలో పెద్ద తేడా లేదు.

నా వీసాతో తుపాకీ పట్టుకోవచ్చా? రెండిట్లో దేనికి వెళ్ళాలి? నా భార్య, ఎనిమిదేళ్ళ పాప కూడా వస్తామంటున్నారు, వాళ్ళు వేటాడరు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

షయాన్_రావు:

శ్రీ గారూ, ముందు వీసా సంగతి తేల్చుకోండి, మిగతావన్నీ దాని తర్వాతే. హెచ్1బి, ఎఫ్1, హెచ్4 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. దానికి ఉన్న మినహాయింపుల్లో మనకు పనికొచ్చేది ఒకటి: ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ మీ పేరున ఉండాలి. గైడ్ తన రైఫిల్ అరువిచ్చినా, ప్రాక్టీస్ కోసం కాల్పులు నేర్చుకునే రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా రూల్ అదే. కాబట్టి లైసెన్స్ చేతికొచ్చాకే ప్రాక్టీస్ మొదలుపెట్టండి. ఒకసారి మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కూడా అడగండి. వాళ్ళకిచ్చే ఫీజు వృథా కాదు.

లైసెన్స్ కావాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళందరికీ అది తప్పనిసరి. మోంటానాలో 1985 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్ళకు. మీరు డెన్వర్‌లో చేసిన కోర్సు కార్డు మోంటానాలోనూ చెల్లుతుంది. కోర్సు అయ్యాక కొలరాడోలో చిన్న జంతువుల లైసెన్స్ ఒకటి తీసుకుంటే, వేసవంతా నిశ్చింతగా ప్రాక్టీస్ చేసుకోవచ్చు.

విమానంలో రైఫిల్ తీసుకెళ్ళేట్టయితే తూటాలు తీసేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, కౌంటర్‌లో చెప్పి చెక్‌ఇన్ చేయాలి. డెన్వర్ నుంచి కాబట్టి కారులోనే వెళ్ళండి. వచ్చేటప్పుడు మాంసానికి ఐస్ పెట్టెలు కూడా కావాలిగా.

లాడ్జా ర్యాంచా అన్నది నాకన్నా ఫార్మసీ_పద్మ గారు బాగా చెప్పగలరు. ఆవిడ ఉండేది అక్కడే.

ఫార్మసీ_పద్మ:

రావు గారు పిలిచారు కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నాను.

నేను ఎల్లోస్టోన్ నది వైపు ఒక చిన్న ఊళ్ళో ఫార్మసిస్ట్‌ని. మా దగ్గరికి మందులకు వచ్చేవాళ్ళలో చాలామంది పశువులవాళ్ళే. మే నెలలో బ్రాండింగ్ రోజులొస్తే, అంటే దూడలకు ముద్రలు వేసే రోజులొస్తే, బీపీ మాత్రలు అయిపోయినా ఎవరూ ఊళ్ళోకి రారు. ఇవాళ ఒకరి దూడలు, రేపు పక్కవాళ్ళవి, ఊరంతా ఒకరికొకరు సాయం వెళ్తారు. మళ్ళీ అక్టోబర్, నవంబర్‌లలో దూడల్ని ట్రక్కులకెక్కించిన మర్నాడు అందరూ ఒక్కసారే వస్తారు. మా పక్క ర్యాంచ్ వాళ్ళే నాకు వేట నేర్పారు. అందుకని నా జవాబు ముందే చెప్పేస్తున్నాను: ర్యాంచ్ కుటుంబంతోనే వెళ్ళండి.

ఎందుకంటే, ఇక్కడి ర్యాంచ్‌కి ఆదాయం ఏడాదికి ఒకేసారి వస్తుంది. చలికాలం చివర్లో, వసంతంలో పుట్టిన దూడ అక్టోబర్ నాటికి 500, 600 పౌండ్లవుతుంది. దాన్ని అమ్మిన చెక్కుతోనే మళ్ళీ ఏడాది దాకా బ్యాంకు వాయిదా, పన్నులు, డీజిల్, గడ్డి అన్నీ నడవాలి. ఈ నేలలో ఒక ఆవు, దాని దూడ ఏడాదంతా బతకాలంటే 30 ఎకరాలు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే కావాలి. ఒక్క ఏడు వాన రాకపోతే మందలో కొంత అమ్ముకోవాలి, లేదా గడ్డి కొనాలి. అలాంటి ఏడు వేటగాళ్ళిచ్చే డబ్బుతో కొడుకో కూతురో ఊరు విడిచి పోకుండా ర్యాంచ్‌లోనే ఉండిపోయిన ఇళ్ళు నాకు తెలుసు. మీరిచ్చే డాలరు నేరుగా ఆ గడ్డిని కాపాడేవాళ్ళ చేతికి చేరాలని నా పట్టుదల. ప్రాంగ్‌హార్న్ ఇక్కడ మిగిలిందంటే, ఈ నేలను దున్నకుండా గడ్డిగానే ఉంచినందుకు మిగిలింది.

పెద్ద లాడ్జీలన్నీ చెడ్డవని నేననను. కొన్ని చాలా పద్ధతిగా నడుస్తాయి. కానీ పలు ర్యాంచ్‌ల వేట హక్కులు లీజుకు తీసుకుని నడిపేచోట ఆ నేల గురించి చెప్పగలిగే మనిషి మీ పక్కన ఉండకపోవచ్చు. ఆ సీజన్‌కి వచ్చిన గైడ్‌కి జంతువులు ఎక్కడ తిరుగుతాయో తెలుస్తుంది, ఆ పచ్చికబయలుకి ఆ పేరు ఎందుకొచ్చిందో తెలియదు.

ఆ పేర్ల కథే నాకు ఈ నేల మీద ప్రేమ పుట్టించింది. 1862 హోమ్‌స్టెడ్ చట్టం వచ్చి స్థిరపడి సాగు చేసుకునే మనిషికి 160 ఎకరాల ప్రభుత్వ నేల ఇచ్చింది. ఈ పొడి నేలలో అది చాలదని 1909లో 320 చేశారు, పశువులు మేపేవాళ్ళకు 1916లో 640 చేశారు. రైళ్ళు దిగి వేలమంది వచ్చారు. కొన్నేళ్ళు వానలు పడ్డాయి. 1917 నుంచి కరువు పట్టుకుంది, చాలామంది అన్నీ వదిలేసి వెళ్ళిపోయారు. ఉండిపోయినవాళ్ళు ఆ ముక్కల్ని ఒక్కొక్కటే కొనుక్కుంటూ వచ్చారు. ఇవాళ్టికీ ఒక్కో పాశ్చర్‌ని (మేత బయలుని) వదిలిపోయినవాళ్ళ ఇంటిపేరుతోనే పిలుస్తారు. కూలిన గుడిసె, పక్కన ఎవరో ఇల్లాలు నాటిన లైలాక్ పొద, అది ఇప్పటికీ ప్రతి వసంతంలో పూస్తుంది. మీ పాపకి తప్పకుండా చూపించండి.

దానికన్నా ముందు కంచెలే లేవు. టెక్సస్ నుంచి తోలుకొచ్చిన మందలు బయళ్ళలో వదిలేస్తే చలికాలం కూడా అవే మేసుకునేవి. 1886-87 చలికాలంలో మంచు కింద గడ్డి అందక లక్షల పశువులు చచ్చిపోయాయి. కొన్ని మందల్లో సగానికి పైగా పోయాయట. ఆ దెబ్బతోనే ఇక్కడివాళ్ళు వేసవిలో గడ్డి కోసి దాచడం, కంచె వేసి తక్కువ పశువుల్ని పెంచడం గట్టిగా పట్టుకున్నారు. మీ ఆఫీసు పెద్దాయన చూసిన సాయంత్రపు ట్రాక్టర్ పని అప్పటి పాఠమే.

ఇక వేట. ప్రాంగ్‌హార్న్ గంటకు 85 కిలోమీటర్ల పైన పరిగెత్తుతుంది, పడమటి అర్ధగోళంలో నేల మీద దాన్ని మించింది లేదు. అంత వేగం ఉన్నా కంచె దూకడానికి ఇష్టపడదు, కింద నుంచి పాక్కుంటూ వెళ్తుంది. అందుకే బుద్ధిమంతులైన ర్యాంచర్లు కింది తీగకు ముళ్ళు లేకుండా నున్నటి తీగ వేసి, నేల నుంచి కనీసం 16 అంగుళాలు, వీలైతే 18 అంగుళాల ఎత్తులో కడతారు. మీరు వెళ్ళిన చోట ఆ కింది తీగ చూడండి. ఆ కుటుంబం జంతువుల గురించి ఎంత ఆలోచిస్తుందో దాన్ని బట్టే నేను అంచనా వేస్తాను.

దాని చూపు చాలా దూరం పోతుంది. దాక్కోడానికి చెట్టుండదు. బైనాక్యులర్‌తో మైళ్ళ దూరం నుంచే మందను వెతికి, వాగు పల్లాల వెంబడి చుట్టు తిరిగి, చివర్లో పొట్ట మీద పాకాలి. నేలంతా ముళ్ళ నాగజెముడు. మోకాళ్ళకు ప్యాడ్‌లు, చేతులకు తోలు గ్లోవ్‌లు లేకుండా వెళ్ళొద్దు. కాల్పులు మామూలుగా 200, 300 గజాల మధ్య పడతాయి. గాలి ఎప్పుడూ ఉంటుంది, అందుకని దూరం కన్నా గాలి ముఖ్యం. బెంచీ మీద కూర్చుని కాల్చే ప్రాక్టీస్ ఒక్కటే చాలదు. పడుకుని, కూర్చుని, షూటింగ్ స్టిక్స్ అనే ఊతకర్రల మీద ఆనించి కాల్చండి. మీకు నమ్మకమున్న దూరం ఎంతో గైడ్‌కి మొదటి రోజే చెప్పండి, అంతకు మించి కాల్చమంటే వద్దనండి. గాయపడి పారిపోయిన జంతువు ఎక్కడో నరకం పడుతుంది, ఆ సంగతి మర్చిపోకూడదు. చాలా చోట్ల గాయపడితే మీ వేట అక్కడితో అయిపోయినట్టే లెక్క. అది న్యాయమైన రూలే.

పడ్డాక అసలు పని మొదలు. అక్టోబర్ మధ్యాహ్నం ఒక్కోసారి వేడిగా ఉంటుంది. వెంటనే పేగులు తీసి, చర్మం ఒలిచి, మాంసం చల్లబరచాలి. ప్రాంగ్‌హార్న్ మాంసం వాసనని తిట్టేవాళ్ళు చాలామంది దాన్ని ట్రక్కు వెనక ఎండలో తిప్పినవాళ్ళే. ఎముకలు తీశాక 15 కిలోల దాకా వస్తుంది. అదే మ్యూల్ డీర్ అనే జింకని కొడితే తినేముందు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ (జింకలు చిక్కి చచ్చిపోయే జబ్బు) పరీక్ష చేయించండి. మోంటానా అడవి జింకల్లో ఆ జబ్బు 2017లో బయటపడింది. పాజిటివ్ వస్తే తినొద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. జింక తల, వెన్నెముక రాష్ట్రాలు దాటించడానికీ రూల్స్ ఉన్నాయి, కొలరాడోవి చూసుకోండి.

ర్యాంచ్ మర్యాదలు కొన్ని. గేటు తెరిచి ఉంటే తెరిచే ఉంచండి, మూసి ఉంటే మూసే ఉంచండి. వాన పడితే ఇక్కడి బంకమట్టిని గంబో అంటారు, చక్రాలకు చుట్టుకుని బండి కదలదు. తడి దారిలో బండి తోలి లోతు గాడులు చేస్తే వాళ్ళకి ఏడాదంతా బాధ. ఇంకొకటి, మనవాళ్ళకి అలవాటైన ప్రశ్న: "మీకెన్ని ఎకరాలు, ఎన్ని ఆవులు?" అని అడగొద్దు. ఇక్కడ అది బ్యాంకులో ఎంతుందని అడగడంతో సమానం. "నేను వేటాడేది ఎంత మేర, అందులో మీ సొంతమెంత, ప్రభుత్వ నేల ఎంత" అని బుకింగ్ ముందు అడగొచ్చు. అలాగే వారానికి ఎంతమందిని తీసుకుంటారో, నాకన్నా ముందు అదే పాశ్చర్‌లో ఎవరు వేటాడతారో అడగండి. మోంటానాలో ఔట్‌ఫిట్టర్‌కి, అంటే డబ్బు తీసుకుని వేట ఏర్పాట్లు చేసేవాళ్ళకి, రాష్ట్ర బోర్డు లైసెన్స్ ఉండాలి. సొంత వ్యవసాయ నేల మీదే వేటాడించే ర్యాంచ్ వాళ్ళకి మాత్రం మినహాయింపు ఉంది. ర్యాంచ్ కుటుంబమైనా సరే, లైసెన్స్ ఉందో, ఆ మినహాయింపు వర్తిస్తుందో కనుక్కోకుండా అడ్వాన్స్ పంపొద్దు.

సౌమ్య_మిన్నెసోటా:

పద్మ గారూ, మీరు రాసింది శ్రద్ధగా చదివాను. అయినా నాకు రెండు అభ్యంతరాలున్నాయి. ఆ గడ్డి మీద ప్రేమ ఉంటే కెమెరాతో వెళ్ళొచ్చు, చంపడం ఎందుకు? రెండోది, మీ కథ 1862 నుంచి మొదలవుతోంది. ఆ నేల క్రో, షయాన్, లకోటా అనే మూలవాసి ప్రజలది. వాళ్ళను తరిమేశాక పంచిపెట్టిన ఎకరాలే ఈ వారసత్వం. అది చెప్పకుండా లైలాక్ పొదల గురించి మాట్లాడితే నాకు బాధగా ఉంటుంది.

ఫార్మసీ_పద్మ:

సౌమ్యా, రెండో మాటకి నేను పూర్తిగా మీ వైపే. ఆ హోమ్‌స్టెడ్‌ల కన్నా ముందు ఇక్కడ కోట్ల సంఖ్యలో బైసన్ (అడవి దున్నలు) తిరిగేవి. చర్మాల కోసం వాటిని కాల్చి కాల్చి 1883 నాటికి ఉత్తరపు మందను తుడిచిపెట్టేశారు. తిండి పోయాక ఆ ప్రజలు రిజర్వేషన్లలో, అంటే ప్రభుత్వం వాళ్ళకి గిరి గీసిన ప్రాంతాల్లో, ఉండక తప్పలేదు. శ్రీ గారు వచ్చేటప్పుడు దారిలో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమి వస్తుంది, 1876లో లకోటా, షయాన్ యోధులు అమెరికా సైన్యాధికారి కస్టర్ దళాన్ని ఓడించిన చోటు. క్రో రిజర్వేషన్‌లోనే ఉంది. దాన్ని దాటుకుని నేరుగా వేటకి వెళ్ళిపోకండి, అక్కడ సగం పూట ఉండండి. ఇంకా సమయముంటే గ్రేట్ ఫాల్స్ దగ్గర ఫస్ట్ పీపుల్స్ బఫెలో జంప్ ఉంది. బైసన్ మందల్ని కొండ అంచు మీదుగా తోలి వేటాడిన చోటది. తుపాకీలు రాక ముందు ఈ బయలు మీద పెద్ద వేట అంటే అదే.

మొదటి మాటకి మాత్రం నా అభిప్రాయం వేరు. చంపడం మీకు ఇష్టం లేదంటే అది గౌరవించాల్సిన మాటే, వాదించను. కానీ వేటగాళ్ళు లేకపోతే ఈ జంతువులకు మేలన్న లెక్క ఇక్కడ కుదరదు. 1920ల నాటికి దేశమంతా కలిపి ప్రాంగ్‌హార్న్‌లు పదుల వేలకు పడిపోయాయి. అమ్మకానికి వేటాడడం ఆపి, సీజన్లు పెట్టి, లైసెన్స్ డబ్బుతో వాటిని మళ్ళీ పెంచారు. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రైఫిళ్ళ మీద, తూటాల మీద 11 శాతం పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు పోతుంది. ఏ ప్రాంతంలో ఎన్ని లైసెన్స్‌లివ్వాలో మందల్ని లెక్కపెట్టి నిర్ణయిస్తారు. 2010-11 చలికాలం మోంటానా మందల్ని బాగా దెబ్బ తీసింది, అలాంటప్పుడు లైసెన్స్‌లు కోసేస్తారు, కోయాలి కూడా.

మీరు కెమెరాతోనే రండి. ఏప్రిల్ తెల్లవారుజామున షార్ప్‌టెయిల్ గ్రౌజ్ పక్షులు గడ్డి మీద రెక్కలు చాచి కాళ్ళతో టపటపలాడిస్తూ ఆడతాయి. చూపించడానికి ఒప్పుకునే ర్యాంచ్‌లున్నాయి. దానికీ డబ్బులివ్వండి, వాళ్ళకి అదీ ఆసరాయే.

డెన్వర్_శ్రీ:

ఇద్దరికీ కృతజ్ఞతలు. సౌమ్య గారు చెప్పింది కూడా మనసులో పెట్టుకుంటాను. లిటిల్ బిగ్‌హార్న్ ప్లాన్‌లో చేర్చాం. ర్యాంచ్ వాళ్ళకే ఫోన్ చేసి లైసెన్స్ నంబర్ అడిగాను, వెంటనే ఇచ్చారు. రెండే ప్రశ్నలు. ఖర్చు మొత్తం ఎంత అనుకోవాలి? భార్యా పాపా వస్తే వాళ్ళ పనికి అడ్డమవుతామా?

ఫార్మసీ_పద్మ:

గైడెడ్ ప్రాంగ్‌హార్న్ వేటకి మామూలుగా రెండున్నర వేల నుంచి ఐదు వేల డాలర్ల మధ్య అడుగుతారు. లైసెన్స్ ఫీజు దానికి వేరే. గైడ్‌కి టిప్ పది నుంచి ఇరవై శాతం దాకా ఇస్తారు, ఇంట్లో వండిపెట్టిన ఆవిడని మర్చిపోకండి. మాంసం కోయించి ప్యాక్ చేయిస్తే అదింకొంత. గైడ్ అక్కర్లేదనుకునేవాళ్ళకి ఇక్కడ బ్లాక్ మేనేజ్‌మెంట్ అని రాష్ట్రం నడిపే ఏర్పాటు ఉంది, దాదాపు 70 లక్షల ఎకరాల్లో వేటగాడు పైసా ఇవ్వకుండా అనుమతితో వేటాడొచ్చు. మీరు నాలుగైదేళ్ళు అనుభవం వచ్చాక దానికి రండి.

భార్యా పాపా వస్తే అడ్డమేమీ కాదు, ముందే చెబితే చాలు. వేట మీకు ఉదయం, సాయంత్రం. పగలు ఇంటివాళ్ళు పనికి వెళ్తుంటే పాపని వెంట తీసుకెళ్ళమని అడగండి. నీళ్ళ తొట్లు నిండాయా, కంచె ఎక్కడైనా తెగిందా చూసుకుంటూ తిరుగుతారు. దూడల్ని ఏ రోజు ట్రక్కెక్కిస్తారో కనుక్కుని ఆ తారీఖు కలిసేలా బుక్ చేసుకోండి, అంతకన్నా చూడదగ్గ రోజు ఏడాదిలో లేదు. ఆ రోజు మాత్రం వాళ్ళు పిలిస్తేనే పశువుల దొడ్డి దగ్గరికి వెళ్ళండి. మిగతా వేటగాళ్ళకి దూరం నుంచే కనబడేలా ముగ్గురికీ ఆరెంజ్ జాకెట్లు కొనండి. వేటగాడికి నడుము పైన 400 చదరపు అంగుళాల ఆరెంజ్ ఉండాలని మోంటానా రూల్, పక్కన నడిచేవాళ్ళూ వేసుకుంటేనే నాకు ధైర్యం.

రైఫిల్ సీజన్ అక్టోబర్ రెండో వారంలో మొదలై సుమారు నెల రోజులుంటుంది. బయటి రాష్ట్రంవాళ్ళకి ప్రాంగ్‌హార్న్ లైసెన్స్ లాటరీలోనే వస్తుంది, దరఖాస్తుకి ఆఖరు రోజు జూన్ 1. లాటరీలో పేరు రాకపోతే అడ్వాన్స్ వెనక్కిస్తారా, వచ్చే ఏడాదికి జరుపుతారా అన్నది ఇవాళే ఆ ర్యాంచ్ వాళ్ళని అడిగి, కాగితం మీద రాయించుకోండి. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. అది లేకుండా దరఖాస్తు ముందుకి పోదు.